పెద్ద జాతి కుక్కతో వెయిట్ పుల్లింగ్: మొదటి ఏడాది ఎలా నడపాలి

వెయిట్ పుల్లింగ్ అంటే కుక్కకు ప్రత్యేకమైన హార్నెస్ (ఒంటికి తగిలించే పట్టీల అమరిక) తొడిగి, దాని వెనక బరువు వేసిన బండిని, మంచు మీద అయితే చక్రాలు లేకుండా జారే స్లెడ్‌ని కట్టి, కొంత దూరం లాగించడం. పోటీల్లో ఆ దూరం సాధారణంగా 16 అడుగులు, గడువు 60 సెకన్లు. 1984లో మొదలైన ఇంటర్నేషనల్ వెయిట్ పుల్ అసోసియేషన్ పాటించే లెక్క ఇదే. కుక్కలను ఒంటి బరువును బట్టి తరగతులుగా విడదీసి, ఒక్కో విడతకూ బండిలో బరువు పెంచుకుంటూ పోతారు. లాగుతున్నంతసేపూ మనం కుక్కను ముట్టుకోకూడదు. లీష్ ఉండకూడదు. తిండి చూపించి ఆశపెట్టకూడదు. మనకు మిగిలేది గొంతు ఒక్కటే.

ఈ నియమం వల్లే నాకు ఈ ఆటంటే అంత ఇష్టం. లాగాలని లేని కుక్క చేత ఎవరూ లాగించలేరు. అది అక్కడే నిలబడిపోతుంది, లేదా వెనక్కి తిరిగి కూర్చుంటుంది. కాబట్టి మొదటి ఏడాది మనం చేసే పనంతా ఒక్క నమ్మకం కోసమే: వెనక ఏది కట్టినా సరే, ముందుకు ఒరిగి అడుగేస్తే అది కదిలి తీరుతుందని కుక్క మనసులో పడిపోవాలి. కండా, దమ్మూ, కిలోలూ ఆ తర్వాత వస్తాయి. మా గౌరి 42 కిలోల రాట్‌వైలర్. మాతో ప్రాక్టీసుకు వచ్చే బండోడు అనే కుక్క సెయింట్ బెర్నార్డ్, గౌరికి దాదాపు రెట్టింపు ఉంటాడు. ఈ రెండింటితో మేం పాటించే పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

ఏ కుక్క, ఏ వయసులో

మాలమ్యూట్, బెర్నీస్ మౌంటెన్ డాగ్, న్యూఫౌండ్‌లాండ్, రాట్‌వైలర్ లాంటి జాతులు ఒకప్పుడు స్లెడ్లు, పాల బండ్లు, వలలు లాగి బతికినవే. అయినా జాతి పేరు చూసి ఏమీ తేల్చుకోకండి. కలగలుపు కుక్కలు కూడా అద్భుతంగా లాగుతాయి. చూడాల్సింది కుక్క కీళ్ళు ఎలా ఉన్నాయి, దాని గుండె ఎలా ఉంది, కొత్త వస్తువు చూస్తే ముందుకు వెళ్ళి వాసన చూస్తుందా, వెనక్కి తగ్గుతుందా అన్నది. వెనక్కి తగ్గే కుక్క పనికిరాదని కాదు. దానికి శబ్దాలు అలవాటు చేయడానికి ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

వయసు దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెద్ద జాతుల్లో అవి పూర్తిగా గట్టిపడడానికి 14 నుంచి 18 నెలలు పడుతుంది, మాస్టిఫ్, సెయింట్ బెర్నార్డ్ లాంటి మరీ భారీ జాతుల్లో 2 ఏళ్ళ దాకా పట్టవచ్చు. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కల్లో ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఆ లోపు బరువు లాగిస్తే దెబ్బ ఆ మెత్తని చోటే తగులుతుంది, తర్వాత ఎముక వంకరగా పెరిగే ప్రమాదం ఉంది. పోటీ నిబంధనల్లో కనీస వయసు ఏడాది అని కనిపిస్తుంది. అది అన్ని జాతులకూ కలిపి పెట్టిన హద్దు. 40, 50 కిలోలకు పెరిగే కుక్కకు 18 నెలలు నిండేదాకా నేను ఖాళీ హార్నెస్ తప్ప ఏమీ కట్టను. బండోడి లాంటి వాడికి 2 ఏళ్ళు.

పది నెలల పిల్ల పెద్ద కుక్కలాగే కనిపిస్తుంది, ఒంట్లో బలం కూడా పొంగుతూ ఉంటుంది. చూసినవాళ్ళు "ఇంకెప్పుడు మొదలుపెడతారు?" అని అడుగుతారు. వాళ్ళ మాట పట్టించుకోకండి.

వెట్ (పశువుల డాక్టర్) దగ్గర అడగాల్సినవి

"చెకప్ చేయండి" అంటే సరిపోదు. బరువు లాగించబోతున్నామని ముందే చెప్పండి. తుంటి కీళ్ళు, మోచేతి కీళ్ళు ఎక్స్‌రే తీయించండి. పెద్ద జాతుల్లో డిస్‌ప్లాసియా, అంటే కీలు గిన్నెలో సరిగ్గా కుదురుకోకపోవడం, బయటికి ఏమీ కనిపించకుండానే ఉండవచ్చు. అమెరికాలోని కుక్కల కీళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించే ఓఎఫ్ఏ సంస్థ తుంటి కీళ్ళకు తుది సర్టిఫికెట్‌ను 24 నెలలు నిండాకే ఇస్తుందంటే, అంతకు ముందు తీసిన ఎక్స్‌రే మీద ఎంతవరకు ఆధారపడవచ్చో అర్థం చేసుకోవచ్చు. గుండె చప్పుడు ప్రత్యేకంగా వినమనండి. గ్రేట్ డేన్, డాబర్‌మన్ లాంటి జాతుల్లో గుండె కండరం పలచబడి సాగిపోయే జబ్బు, న్యూఫౌండ్‌లాండ్‌లో పుట్టుకతో గుండె నుంచి రక్తం బయటికి వెళ్ళే దారి ఇరుకుగా ఉండే జబ్బు తరచుగా కనిపిస్తాయి. అనుమానం వస్తే ఎకో, అంటే గుండె స్కాన్, చేయించాల్సిందే.

మోకాలు కూడా మరిచిపోవద్దు. వెనక కాలి మోకాల్లో ఉండే క్రూసియేట్ లిగమెంటు, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి నార, తెగడం రాట్‌వైలర్లలో, న్యూఫౌండ్‌లాండ్లలో మామూలు కుక్కల కన్నా ఎక్కువ. ఇంట్లో మీరే గమనించవచ్చు: కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపుతోందా, నిలబడినప్పుడు వేళ్ళు మాత్రమే నేలకు ఆనిస్తోందా, పొద్దున్నే లేచిన మొదటి నాలుగు అడుగులు బిగుసుకుపోయినట్టు ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా ముందు వెట్, తర్వాతే హార్నెస్.

ఒంటి బరువు సంగతి కూడా ఇక్కడే. పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా చేతికి సులువుగా తగలాలి. పైనుంచి చూస్తే నడుము దగ్గర లోపలికి తగ్గాలి. కొవ్వు ఎక్కువున్న కుక్కకు ఆ కొవ్వే మోయాల్సిన మొదటి బరువు, కీళ్ళు దాన్ని రోజంతా మోస్తూనే ఉంటాయి. అది తగ్గాకే మొదలుపెట్టండి.

ఎదురుచూసే నెలల్లో

వయసు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవక్కర్లేదు. "నిలబడు" అంటే కదలకుండా నిలబడడం నేర్పండి. కూర్చోవడం కాదు, నాలుగు కాళ్ళ మీద నిలబడడం. వెనక బండి తగిలించేటప్పుడు కుక్క చేయాల్సిన పని అదే, చాలా మంది నేర్పకుండా వదిలేసే పని కూడా అదే. వెనక ఎవరైనా వంగి ఏదో చప్పుడు చేస్తున్నా తల తిప్పకుండా మీ వైపు చూస్తూ ఉండడం దాకా తీసుకురండి. ఎత్తు తక్కువున్న కర్రల మీదుగా నెమ్మదిగా అడుగులు వేయించడం, వెనక్కి నడిపించడం, మెత్తని నేల మీద వాలుగా ఉన్న దారిలో నడక, ఈత, ఇవన్నీ వెనక కాళ్ళకు పట్టు ఇస్తాయి. మెట్ల మీద పరుగులు, పైనుంచి దూకడాలు వద్దు.

ఇంకో చిన్న విషయం. లీష్ మీద నడిచేటప్పుడు లాగకూడదు, హార్నెస్ వేసినప్పుడు లాగాలి. ఇది కుక్కను గందరగోళపెడుతుందేమో అని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. ఒంటి మీద ఏ పట్టీ ఉంటే ఏ పని అన్నది కుక్క త్వరగానే పట్టేస్తుంది. వెయిట్ పుల్లింగ్ హార్నెస్ వేసి మామూలు షికారుకు తీసుకెళ్ళకుండా ఉంటే చాలు.

హార్నెస్

డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇది. షికారు హార్నెస్‌తో, ఛాతీకి అడ్డంగా ఒకే పట్టీ ఉండేదానితో, స్లెడ్ పరుగులకు వాడే ఎక్స్ బ్యాక్ హార్నెస్‌తో భారీ బరువు లాగించకూడదు. షికారు హార్నెస్‌లో కొక్కెం వీపు మీద ఉంటుంది. బరువు కట్టగానే పట్టీ పైకి లేచి గొంతు మీదికి వస్తుంది, భుజాలను వెనక్కి గుంజుతుంది.

వెయిట్ పుల్లింగ్ హార్నెస్‌లో మెడ చుట్టూ, ఛాతీ మీద వెడల్పాటి మెత్త పట్టీలు ఉంటాయి. అక్కడి నుంచి రెండు వైపులా పట్టీలు ఒంటి పక్కగా వెనక్కి వెళ్ళి, వెనక కాళ్ళ వెనకాల అడ్డంగా ఉండే ఒక కర్రకు కలుస్తాయి. దాన్ని స్ప్రెడర్ బార్ అంటారు. చెక్కదో, లోహందో ఉంటుంది. పట్టీలు కాళ్ళకు రాసుకోకుండా రెండు పక్కలకు విడదీసి పట్టేది అదే. బరువు తగిలించే కొక్కెం ఆ బార్ మధ్యలో, కిందికి ఉంటుంది. దానివల్ల కుక్క తల దించి ముందుకు ఒరిగినప్పుడు బలమంతా రొమ్ము ఎముక మీదుగా నేరుగా వెనక్కి వెళుతుంది.

కొలతలు కుక్క నిలబడి ఉండగానే తీయండి. తీశాక తొడిగి ఇలా చూడండి. మెడ పట్టీ తల మీదుగా కాస్త బిగువుగా దూరాలి, తొడిగాక గొంతు గుంటకు కింద, రొమ్ము ఎముక మొదలయ్యే చోట కూర్చోవాలి. అక్కడ రెండు వేళ్ళు పెట్టి, ఇంకొకరిని వెనక నుంచి బార్ పట్టుకుని మెల్లగా లాగమనండి. మీ వేళ్ళు ఎముక మీద నొక్కుకోవాలి, గొంతు వైపు జరగకూడదు. జరిగితే ఆ హార్నెస్ ఈ కుక్కది కాదు. కుక్క దగ్గినా, గొంతులో గురగుర వచ్చినా అదే అర్థం. తర్వాత ముందు కాలు పట్టుకుని ముందుకు చాపండి: భుజం ఎముక పట్టీకి తగలకుండా కదలాలి. చివరగా బార్ ఎక్కడ వేలాడుతోందో చూడండి. వెనక కాలి మడమ కీలుకు వెనకాల, దానికి తగలకుండా ఉండాలి. నడుస్తుంటే మడమకు కొట్టుకునే బార్ కుక్కను వారంలో ఈ ఆటకే దూరం చేస్తుంది.

ప్రతి ప్రాక్టీసు అయ్యాక హార్నెస్ తీసి చంకల్లో, రొమ్ము కింద వెంట్రుకలు వెనక్కి దువ్వి చూస్తాను. వెంట్రుకలు తెగి పొట్టిగా గరుకుగా తగిలినా, కింద చర్మం కొంచెం గులాబీ రంగులోకి తిరిగినా పట్టీ అక్కడ రాసుకుంటోందన్నమాట. గౌరికి నల్ల వెంట్రుకల కింద కంటికి ఏమీ కనిపించదు, వేలితోనే తెలుస్తుంది. ఆ రోజు నుంచి పట్టీ సర్దేదాకా లాగడం బంద్.

మొదటి వారాలు: శబ్దంతో స్నేహం

కొత్త కుక్కను భయపెట్టేది బరువు కాదు. వెనక నుంచి తనను వెంటాడుతూ వచ్చే చప్పుడు. ఇక్కడ ఎంత ఓపిక పడితే అంత మంచిది.

ముందు ఖాళీ హార్నెస్ వేసి ఇంట్లో, పెరట్లో తిప్పండి. ట్రీట్లు ఇవ్వండి, ఆడించండి, తీసేయండి. హార్నెస్ చూడగానే తోక ఊపుతూ తల దూర్చే దశ వచ్చాక, వెనక తేలికపాటి తాడు ఒకటి కట్టి ఈడ్చుకుంటూ నడవనివ్వండి. అది కాళ్ళకు తగిలినా పట్టించుకోకుండా ఉండేదాకా ఆగండి. ఆ తర్వాత చిన్న గొలుసు. గొలుసును నేరుగా కట్టకండి. మొదటి రెండు మూడు సార్లు దాన్ని మీరే చేత్తో పట్టుకుని కుక్క పక్కన, కొంచెం దూరంగా ఈడ్చుకుంటూ నడవండి. తర్వాత కాస్త దగ్గరగా, తర్వాత వెనకగా. కుక్క చెవులు చూడండి. చెవులు వెనక్కి వంగి చప్పుడు మీదే ఉంటే ఇంకా దూరం కావాలి. చెవులు ముందుకు వచ్చి, ముఖం మీ వైపు తిరిగితే కట్టవచ్చు. మెత్తని గడ్డి మీద మొదలుపెట్టండి, గచ్చు మీద గొలుసు చేసే మోత వేరు.

గొలుసు అలవాటయ్యాక చిన్న టైరు. మొదటిసారి టైరు కట్టిన రోజు ఇద్దరుండాలి. ఒకరు కుక్కకు నాలుగడుగుల ముందు నిలబడి పిలవాలి, ఇంకొకరు టైరుకు కట్టిన తాడు పట్టుకుని వెనక నడవాలి. కుక్క బెదిరి పరుగు తీస్తే వెనకున్న మనిషి టైరును ఆపగలగాలి. పరిగెత్తే కుక్క వెనక ఎగిరెగిరి పడే టైరు కన్నా చెడ్డ పాఠం ఇంకోటి లేదు. నాలుగడుగులు నడిచాక ఆపి, మెచ్చుకుని, విప్పేయండి. మర్నాడు ఎనిమిది అడుగులు. కుక్క ఇంకా కావాలంటూ గెంతుతుండగానే ఆ రోజు పని ముగించండి. ఈ ఒక్క అలవాటు మీకు నెలల తరబడి ఫలితం ఇస్తుంది.

మాట కూడా ఇప్పుడే పెట్టాలి. ఒకటే మాట, ఎప్పుడూ అదే. మేం "పద" అంటాం. బండోడి వాళ్ళు "లాగు నాన్నా" అంటారు, వాడికి "నాన్నా" లేకపోతే అడుగు పడదు. ఏ మాటైనా ఫర్వాలేదు, ఇంట్లో ఇంకో పనికి వాడేది కాకపోతే చాలు. గట్టిగా అరవాల్సిన పని లేదు. ఉత్సాహంగా, గొంతు కాస్త పైకెత్తి చెప్పండి.

బరువు పెంచడం

కిలోల లెక్క చెప్పే ముందు ఒక విషయం. నేల మీద ఈడ్చే బరువు వేరు, చక్రాల మీద దొర్లే బరువు వేరు. 10 కిలోల టైరును మట్టి మీద ఈడ్వాలంటే దాని బరువులో సగానికి పైగా బలం పెట్టాలి. అదే 10 కిలోలు మంచి చక్రాలున్న బండిలో, చదునైన గట్టి నేల మీద అయితే అందులో చిన్న భాగం చాలు. పోటీల్లో కుక్కలు తమ ఒంటి బరువుకు ఎన్నో రెట్లు లాగుతున్నాయని విన్నప్పుడు అది చక్రాల మీదా, మంచు మీదా, ఈడ్చడమా అని అడగండి. ఒకదాని అంకెను ఇంకోదానికి అంటగడితే కుక్క నలిగిపోతుంది.

రెండో సంగతి: కదలనిదాన్ని కదిలించడమే కష్టం, కదిలాక సులువు. కుక్కకు అసలు పరీక్ష మొదటి అడుగులోనే ఉంటుంది. మంచు మీద అయితే నిలబెట్టిన స్లెడ్ కింది పట్టాలు మంచుకు అతుక్కుపోతాయి కూడా.

మా పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి రెండు నెలలు ఈడ్చే బరువు ఒంటి బరువులో పదో వంతు దాటదు, అంటే గౌరికి 4 కిలోలు. దాన్ని లాగుతూ మామూలు నడక వేగంతో కొన్ని వందల మీటర్లు నడుస్తాం, మధ్యలో ఆగుతాం. బరువు పెంచే ముందు దూరం పెంచుతాం, అది కిలోమీటరు దాకా హాయిగా వచ్చాకే ఇంకో కిలోనో రెండో వేస్తాం. నాలుగైదు నెలలకు ఒంటి బరువులో అయిదో వంతు దాకా రావచ్చు. వారంలో రెండు రోజులు, మహా అయితే మూడు. మధ్యలో కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి, బరువు కాస్త ఎక్కువైన రోజు తర్వాత రెండు రోజులు. కండరాల కన్నా స్నాయువులు, లిగమెంట్లు నెమ్మదిగా బలపడతాయి. కుక్క ఇంకా లాగగలదని మనకు కనిపించే సమయానికి దాని కీళ్ళు ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు. అందుకే ఈ నిదానం.

ఈ నెమ్మదైన ఈడ్పు నడకలే కుక్కకు లాగే తీరు నేర్పుతాయి. మంచి తీరు చూస్తే గుర్తుపడతారు. "పద" అనగానే గౌరి ముందుగా తల దించుతుంది. మెడ, వీపు ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు పట్టీలు మెల్లగా బిగుస్తాయి, స్ప్రెడర్ బార్ కొంచెం పైకి లేస్తుంది, భుజాల మధ్య చర్మం ముడత పడుతుంది. వెనక కాళ్ళ గోళ్ళు మట్టిలోకి దిగుతాయి. ఒక క్షణం ఏమీ కదలదు, ఊపిరి కూడా బిగపట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత పొట్టి పొట్టి అడుగులు, కడుపు నేలకు దగ్గరగా, ఎక్కడా కుదుపు లేకుండా. బరువు కదిలిందని ఆమెకు తెలిసిన క్షణం తోక చూస్తే అర్థమవుతుంది.

దీనికి వ్యతిరేకంగా, ఎగిరి దూకి బరువును ఒక్కసారిగా కుదిపే కుక్కలుంటాయి. చూసేవాళ్ళకు ఉషారుగా కనిపిస్తుంది కానీ ప్రతి కుదుపూ భుజాల మీద, వెన్ను మీద దెబ్బే. అలాంటి కుక్కకు పట్టీలు ముందే బిగువుగా ఉండేలా నిలబెట్టి, కాస్త ఆగి, నెమ్మదైన గొంతుతో మాట ఇవ్వండి. మనం ఉద్రేకంగా చప్పట్లు కొడితే అది ఇంకా ఎగురుతుంది.

కుక్కను ఓడనివ్వకండి

ఈ ఆట మొత్తంలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఇదే. ప్రాక్టీసులో కుక్క ఒకసారి ఒరిగి, రెండోసారి ఒరిగి, బరువు కదలక ఆగిపోయిందంటే దానికి ఒక కొత్త విషయం తెలిసిపోతుంది: కదలనివి కూడా ఉంటాయని. ఆ తర్వాత తేలికైన బరువు కట్టినా మొదటి ఒత్తిడికే ఆగి మీ ముఖం చూస్తుంది.

అందుకే వెనక ఎప్పుడూ ఒక మనిషిని పెట్టుకోండి. కుక్క బలం పెట్టి కూడా బండి కదలకపోతే ఆ మనిషి చడీచప్పుడూ లేకుండా వెనక నుంచి తోయాలి. కుక్కకు తెలియకూడదు. గీత దాటాక అది తనే లాగినట్టుగా పండగ చేయండి, వెంటనే బరువు బాగా తగ్గించి ఇంకోసారి సులువుగా లాగించి ఆ రోజు ముగించండి. పోటీల్లో కూడా లాగలేకపోయిన కుక్కను అలాగే వదిలేయరు, బండిని తోసి గీత దాటిస్తారు. లెక్కలో ఆ విడత పోతుంది, కుక్క మనసులో మాత్రం పోదు.

రోజూ పెద్ద బరువు పెట్టి "ఎంత లాగుతుందో చూద్దాం" అనుకోవడం మానుకోండి. ప్రాక్టీసులో కుక్క లాగగలదని మీకు ముందే తెలిసిన బరువే కట్టాలి. దాని అసలు హద్దు ఎక్కడుందో పోటీ రోజు తెలిస్తే చాలు.

లాగనంటే? తిట్టకండి, పట్టీ పట్టి గుంజకండి. చోక్ చెయిన్, ముళ్ళ కాలర్ ఈ పనికి దగ్గరికి కూడా రానివ్వకండి. ఉత్సాహంగా లాగే కుక్క అకస్మాత్తుగా మొండికేస్తే నేను మొదట నొప్పిని అనుమానిస్తాను. పాదాల మెత్తలు, గోళ్ళు, చంకలు, వీపు అన్నీ తడిమి చూస్తాను. ఏమీ దొరకకపోతే వారం సెలవు. అప్పటికీ రాకపోతే వెట్.

బండి ఎక్కించడం

ఈడ్పు నడకలు నాలుగైదు నెలలు సాగాక బండికి రావచ్చు. ఖాళీ బండితోనే మొదలు. చక్రాల గరగర, కొక్కెం తగిలించే టక్‌మనే చప్పుడు, ఆగినప్పుడు బండి ముందుకు జరగడం, మూడూ కుక్కకు కొత్తే. మూడోదే ప్రమాదకరం. కుక్క ఆగితే బండి ఆగదు, మడమల మీదికి వస్తుంది. బండికి బ్రేక్ ఉండాలి, లేదా వెనక తాడు పట్టుకున్న మనిషి ఉండాలి. వాలు నేల మీద వద్దే వద్దు. కుక్కకూ బండికీ మధ్య తాడు తగినంత పొడవుండాలి.

నేల సంగతి కూడా చూసుకోండి. గడ్డి, మట్టి, గరుకైన కార్పెట్ మీద గోళ్ళు పట్టు దొరికించుకుంటాయి. నున్నటి టైల్స్ మీద, తడి సిమెంటు మీద వెనక కాళ్ళు జారి తుంటి పట్టేసే ప్రమాదం ఉంది. గోళ్ళు మరీ పొడవుగా ఉంటే మెత్తల మీద పట్టు తగ్గుతుంది, మరీ కురచగా కత్తిరిస్తే తవ్వుకోవడానికి ఏమీ మిగలదు. పోటీకి ముందు రోజు గోళ్ళు కత్తిరించకండి.

ఎండ, తిండి, నీళ్ళు

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. వేడిని ముఖ్యంగా వగర్చి బయటికి పంపాలి. పెద్ద ఒంటి కుక్కల్లో, ఒత్తు బొచ్చున్న వాటిలో, ముక్కు చప్పిడిగా ఉండే బుల్ మాస్టిఫ్, బాక్సర్ లాంటి వాటిలో ఇది ఇంకా కష్టం. మామూలుగా కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పనిలో కొంత పెరగడం సహజం. 41 దగ్గరికి వెళ్ళి దిగకుండా ఉంటే ప్రాణాపాయం. నాలుక వెడల్పుగా చెంచాలా వేలాడడం, చిగుళ్ళు ఇటుక రంగుకు తిరగడం, అడుగులు తడబడడం, వాంతి, వీటిలో ఏది కనిపించినా అక్కడికక్కడే ఆపి, నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోస్తూ గాలి తగిలేలా చూడండి. ముందు చల్లబరచడం, ఆ తర్వాత వెట్ దగ్గరికి పరుగు. చల్లబరచకుండా కారెక్కించి బయల్దేరితే విలువైన నిమిషాలు పోతాయి.

రోజులో చల్లగా ఉండే వేళనే ప్రాక్టీసు పెట్టుకోండి. ముందు పది నిమిషాలు ఖాళీగా నడిపించండి, తర్వాత కూడా అంతే.

తిండి విషయంలో ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగే జబ్బు ఉంది, బ్లోట్ అంటారు. లాగడానికి కనీసం 2, 3 గంటల ముందు తిండి ముగించాలి. లాగాక ఊపిరి పూర్తిగా కుదుటపడి, ఒక గంట గడిచాకే పెట్టాలి. రోజుకు ఒకేసారి పెద్ద గిన్నె పెట్టే బదులు రెండు మూడు భాగాలు చేయండి. నీళ్ళు కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండండి. కుక్క వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే, పొట్ట డప్పులా బిగిస్తే, ఒకచోట నిలవకుండా తిరుగుతూ చొంగ కారుస్తుంటే ఆలోచించకండి. అది సర్జరీ కేసు, గంటల్లో ప్రాణం పోతుంది.

పెరిగే పిల్లకు ఎముకలు గట్టిపడాలని కాల్షియం పొడులు వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. పెద్ద జాతి పిల్లలకు అది ఎముకల ఎదుగుదలనే పాడుచేస్తుంది. పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన సమతుల ఆహారం పెడుతుంటే వేరే కాల్షియం అక్కర్లేదు.

మొదటి పోటీ

మొదటిసారి కుక్కను పోటీకి పాల్గొనడానికి కాకుండా చూడడానికి తీసుకెళ్ళండి. మైకులు, చప్పట్లు, పక్కన మొరిగే కుక్కలు, ఆ మధ్యలో అది తింటుందా, మీ మాట వింటుందా చూడండి. వింటే వచ్చేసారి పేరు ఇవ్వండి. ఆడకుక్క ఎదకు వచ్చి ఉంటే ఇంట్లోనే ఉంచండి. మిగతా కుక్కల ధ్యాస చెదురుతుంది, నిబంధనలు కూడా ఒప్పుకోకపోవచ్చు.

పోటీ రోజు విడతల మధ్య చాలాసేపు ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ సమయంలో కుక్క విశ్రాంతిగా ఉండాలి, జనం మధ్య తిప్పకండి. నీడలో, క్రేట్‌లో పడుకోబెట్టి, మీ వంతుకు కాస్త ముందు లేపి నడిపించండి. లాగే చోట నిలబెట్టాక గీత అవతలికి వెళ్ళి, ప్రాక్టీసులో నిలబడినట్టే నిలబడి, అదే మాట అదే గొంతుతో చెప్పండి. అక్కడ టెన్షన్‌తో మన గొంతు మారిపోతుంది, కుక్క వెంటనే కనిపెడుతుంది. ఒకసారి ఊపిరి పీల్చుకుని చెప్పినా 60 సెకన్లలో బోలెడు సమయం మిగులుతుంది.

మొదటి పోటీలో ఎక్కడ ఆపాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. ప్రాక్టీసులో హాయిగా లాగిన బరువు కన్నా ఒకటి రెండు మెట్లు పైన, అంతే. కుక్క ఇంకా ఉత్సాహంగా ఉన్నా, పక్కవాళ్ళు "ఇంకొక్కటి" అన్నా, ఆ మెట్టు దాటాక తప్పుకోవచ్చు. ప్రతి విడతకు ముందు లేపి నడిపించేటప్పుడు కుక్కను వెనక నుంచి చూడండి. అడుగు పొట్టిదైనా, ఒక పక్కకు ఒరిగినా అక్కడితో ఆపేయాలి.

ఇంటికి వచ్చాక నెమ్మదిగా తిప్పి, పాదాలు కడిగి, మెత్తల మధ్య రాళ్ళు, చీలికలు ఉన్నాయేమో చూసి, భుజాలు, తొడలు చేత్తో నొక్కుతూ వేడిగా గానీ వాపుగా గానీ ఉన్న చోటు వెతకండి. మర్నాడు పొద్దున్నే లేచేటప్పుడు మళ్ళీ చూడండి, నొప్పులు బయటపడేది ఎక్కువగా అప్పుడే. ఆ తర్వాత వారం మామూలు షికార్లు తప్ప ఏమీ వద్దు. వారం గడిచాక హార్నెస్ తీసి చూపించండి. కుక్క పరిగెత్తుకుంటూ వచ్చి తల దూరిస్తే తర్వాతి నెల ప్రాక్టీసు మొదలుపెట్టవచ్చు.